పాకం చెడిన పూట



ఆగమనకాలపు మూడవ ఆదివారం గుడిలో గురువులు గులాబీరంగు వస్త్రాలు ధరించి, ప్రభువు రాక దగ్గరపడింది, సంతోషించండి అని మనకు చెబుతారు. సంతోషంగానే ఇంటికి వస్తాం. వచ్చి చూస్తే గోడలకు వెల్ల సగంలో ఆగి ఉంటుంది. దర్జీ ఇంకా గుడ్డ కత్తిరించనే లేదని కబురు వస్తుంది. బియ్యం ఎప్పుడు నానబోయాలి, పిండిమర ఏ రోజు తీసి ఉంటుంది, బెల్లం ఎన్ని కిలోలు తేవాలి అన్న లెక్కలు మొదలవుతాయి. ఇంటిల్లిపాదీ నెల మొదట్లో చేసుకున్న తీర్మానం మాత్రం ఒకటే: "ఈసారి పండుగ సింపుల్‌గా చేసుకుందాం."

ఆ తీర్మానం మంచిదే. దాన్ని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. అయితే సింపుల్‌గా చేసుకునే పండుగలో కూడా చేతులు జారతాయి, పాకాలు ముదురుతాయి, బల్బులు మాడిపోతాయి. అలాంటప్పుడు మన నోటి నుండి వచ్చే మొదటి మాట ఏది అన్నది ఈ వారం మీతో కలిసి ఆలోచించాలని ఉంది. చిన్న విషయమే. కాని పాపసంకీర్తనానికి వెళ్ళే ముందు చేసుకునే ఆత్మపరిశోధనలో మనం సాధారణంగా లెక్కకు తీసుకోని విషయం.

అరిసెల సంగతే తీసుకోండి. బియ్యం ఒక రోజంతా, కొందరు అంతకన్నా ఎక్కువే, నానబెట్టి, నీరు ఓడ్చి, తడి ఆరకముందే పిండి పట్టించాలి. బెల్లం పాకం కాగుతుండగా పక్కన గిన్నెలో చల్లని నీళ్ళు పెట్టుకొని, చుక్క వేసి చూసి, అది వేళ్ళ మధ్య మెత్తని ఉండగా వచ్చిన క్షణంలో దించేయాలి. మెత్తని ఉండ రావడానికీ, ఆ ఉండ గట్టిపడి గిన్నెకు తగిలి టంగుమనడానికీ మధ్య వ్యవధి ఎంతో ఉండదు. ఎక్కడలేని పనులూ సరిగ్గా ఆ కాస్త వ్యవధిలోనే వచ్చి పడతాయి. పాలవాడు పిలుస్తాడు, ఫోను మోగుతుంది, చంటిది లేచి ఏడుస్తుంది. పాకం లేతగా ఉంటే అరిసె నూనెలో పడగానే విచ్చిపోతుంది. ముదిరితే తాతగారి పళ్ళకు పరీక్ష. పిండి ఆరిపోయినా తంటాయే. ఏళ్ళ తరబడి చేయి తిరిగినవారికి కూడా ఒక్కొక్క ఏడు పాకం కుదరదు.

అరిసెలతోనే అయిపోతుందా? పశువుల పాకలో పచ్చగా పెట్టాలని పది రోజుల ముందు పళ్ళెంలో పోసిన నారును పక్కింటి కోడి వచ్చి పొడిచిపోతుంది. అటక మీద నుండి దించిన పెట్టె విప్పితే ముగ్గురు జ్ఞానులలో ఒకరికి తల ఉండదు. వెదురుబద్దల నక్షత్రానికి అంటించిన కాగితం రాత్రి మంచుకు తడిసి ఊడివస్తుంది. నిరుడు చక్కగా వెలిగిన సీరియల్ బల్బుల దండ ఈ ఏడు సగం మేరకే వెలుగుతుంది. పిల్లలు కొత్త బట్టలు ముందురోజే తొడిగి చూసుకొని దాని మీద పులుసు ఒంపుకుంటారు.

ఇన్ని రకాల నష్టాలకు మన ఇళ్ళలో ఒకే ప్రశ్న తయారుగా ఉంటుంది. "ఎవరు చేశారు ఇది?"

ఆ ప్రశ్న పుట్టగానే ఇల్లంతా సర్దుకొని నిలబడుతుంది గమనించారా? పెద్దవాడు "నేను ఇప్పుడే వచ్చాను" అంటాడు. చిన్నవాడు ఏమీ అనడు, గోడ వైపు చూస్తాడు. అత్తగారు "నేను ముందే చెప్పాను" అంటారు. అన్నగారు కరెంటు వాళ్ళను తిడతారు. నేరం ఒకరి మీద నుండి ఒకరి మీదికి మెల్లగా జారి జారి, తిరిగి మాట అనలేనివారి దగ్గర ఆగుతుంది. కొత్తగా వచ్చిన కోడలో, చదువులో వెనుకబడిన పిల్లవాడో, అంట్లు తోమే అమ్మాయో. నిజంగా వారే చేశారా అన్నది అప్పటికి ఎవరికీ పట్టదు. ఇంటికి ఒక దోషి దొరికాడు, మిగిలినవారికి ఊపిరి ఆడింది, అంతే.

ఆదికాండం మూడవ అధ్యాయం ఒకసారి తీసి చూడండి. ఏదెను తోటలో జరిగినది చేయి జారిన పొరపాటు కాదు, తెలిసి చేసిన పాపం. అయినా దేవుడు తోటలోకి వచ్చి అడిగిన మొదటి ప్రశ్న "నీవెక్కడ ఉన్నావు?" అని. తినవద్దన్న పండు తిన్నావా అన్నది ఆ తరువాత. వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టినవారు మనుషులు. ఆదాము ఏవను చూపించాడు, ఏవ సర్పాన్ని చూపించింది. ఆదాము ఏ చెట్టు చాటున ఉన్నాడో దేవునికి తెలియక అడగలేదు గదా. మనిషి ఎక్కడున్నాడు, ఏ స్థితిలో ఉన్నాడు అన్నది ముందు. ఏమి చేశాడన్నది వెనుక. మన వంటింట్లో ఈ వరుస తిరగబడుతుంది.

నూనె మూకుడు దగ్గర ఈ వరుస మంచి మర్యాదకు మించిన సంగతి. కాగిన నూనె చేతి మీద చిందితే, ఎవరు తోశారో తేల్చేలోపు చర్మం కాలుతూనే ఉంటుంది. ముందు ఉంగరాలు, గాజులు తీసి, ఆ చేతిని కుళాయి నీటి ధార కింద ఇరవై నిమిషాలు ఉంచాలి. టూత్‌పేస్టు, సిరా, పసుపు, ఐసు, ఏవీ పూయకూడదు, పెట్టకూడదు. పెద్దగా కాలినా, ముఖం మీద కాలినా, కాలినది పసిబిడ్డయినా ఆసుపత్రికి పరుగెత్తాలి. మూకుడులో నూనెకే మంట అంటుకుంటే పొయ్యి ఆపి మూత పెట్టాలి. నీళ్ళు మాత్రం పోయకూడదు, మంట పైకి లేస్తుంది. పత్రికలో ఈ శీర్షిక కింద ఇలాంటివి రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. "నీవెక్కడ ఉన్నావు" అన్న ప్రశ్నకు వంటింట్లో అర్థం ఇదే కాబట్టి రాస్తున్నాను.

అలాగని "ఎవరు చేశారు" అని అడగనే కూడదా? అలా అనలేను. నక్షత్రానికి తొక్క ఊడిన తీగతో కరెంటు ఇచ్చి, కింద పిల్లలు ఆడుకుంటుంటే చూస్తూ ఊరుకున్న పెద్దమనిషిని ఏమీ అడగకుండా వదిలితే అది క్షమ కాదు, అశ్రద్ధకు తోడు మరో అశ్రద్ధ. కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 1992లో వెలువడింది. అందులో 1735వ పేరా, తెలియక, ఏమరుపాటున, భయం వల్ల, అలవాటు వల్ల జరిగిన పనికి మనిషి బాధ్యత తగ్గవచ్చు, ఒక్కోసారి పూర్తిగా లేకనూపోవచ్చు అని బోధిస్తుంది. వెంటనే 1736వ పేరా ఆ మాటకు అంచు కడుతుంది. తెలుసుకోవలసినది తెలుసుకోకుండా, చేయవలసినది చేయకుండా ఉన్నందువల్ల కీడు జరిగితే అందులో మనకు పరోక్షంగా పాలు ఉంటుంది. పాకం ముదరడం మొదటి కోవలోనిది. తొక్క ఊడిన తీగ రెండవది. ఇవి రెండూ ఒకటి కావని మనకు తెలుసు. అయినా మన కోపం ఎక్కువగా పడేది మొదటిదాని మీదే. తీగ సంగతి ఇంటి యజమానిది, పాకం సంగతి ఇంటి ఆడవారిది కావడం దీనికి కారణమేమో ఎవరికి వారే చూసుకోవాలి.

అంట్లు తోమే అమ్మాయి చేతిలో పింగాణీ ప్లేటు పగిలిందనుకోండి. సబ్బు చేతిలో ప్లేటు జారడం ఎంత సహజమో మనకూ తెలుసు. మన చేతిలో పగిలితే "పోనీలే, దిష్టి పోయింది" అంటాం. ఆమె చేతిలో పగిలితే నెల జీతంలో కోత పడుతుంది. తన తప్పు లేకుండా జరిగిన నష్టానికి మనస్సాక్షి ప్రకారం పరిహారం చెల్లించే బాధ్యత ఎవరికీ లేదని మన నైతిక బోధ చాలాకాలంగా చెబుతున్నదే. ఆ ప్లేటు ఖరీదు జీతంలో నుండి తీసుకున్న ఇంట్లో నష్టపోయినది యజమానురాలు కాదు. పైగా అది డిసెంబరు జీతం. ఆమె ఇంట్లో కూడా పిల్లలు కొత్త బట్టల కోసం చూస్తుంటారు.

వస్తువుల సంగతి ఇలా ఉండగా, మాటలు కూడా చేయి జారుతుంటాయి. పునీత చిన్న తెరేజమ్మ గారి జీవితంలో 1886 క్రిస్మస్ రాత్రి జరిగిన సంగతి చాలామందికి తెలుసు. ఫ్రాన్సు దేశంలోని లిసియా పట్టణంలో అర్ధరాత్రి పూజ ముగించుకొని కుటుంబం ఇంటికి వచ్చింది. ఆ దేశపు ఆచారం ప్రకారం పిల్లల బూట్లలో కానుకలు పెట్టి నిప్పుగూడు దగ్గర ఉంచుతారు. తెరేజమ్మకు అప్పటికి పదునాలుగు ఏళ్ళు నిండబోతున్నాయి. అయినా ఇంట్లో చిన్నపిల్ల గనుక ఆమె బూట్లూ అక్కడ ఉన్నాయి. తండ్రి లూయి మార్టిన్ గారు అలసిపోయి ఉన్నారు. ఆ బూట్లు చూసి, ఈ ముచ్చట ఈ ఏటితోనైనా ఆఖరు అవుతుంది అన్న అర్థంలో ఒక మాట అనేశారు. మేడ మెట్లెక్కుతున్న కూతురి చెవిన ఆ మాట పడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్క సెలీనమ్మ అది చూసి, ఇప్పుడే కిందికి వెళ్ళవద్దని చెప్పింది. తెరేజమ్మ కన్నీళ్ళు మింగి, కిందికి దిగి, ఏమీ విననట్టే నవ్వుతూ ఒక్కొక్క కానుకా తీసి చూసింది. తండ్రి కూడా నవ్వాడు. నాలుగున్నరేళ్ళ వయసులో తల్లి చనిపోయినప్పుడు తాను పోగొట్టుకున్న మనోబలం ఆ రాత్రి తిరిగి దొరికిందని ఆమె తన ఆత్మకథలో రాసుకుంది.

ఈ సంగతి చెప్పేటప్పుడు మనం ఎప్పుడూ కూతురి వైపు నుండే చెబుతాం. తండ్రి వైపు నుండి కూడా చూడాలి. ఆయన చెడ్డ తండ్రి కాడు. భార్య పోయాక ఐదుగురు ఆడపిల్లలను కళ్ళలో పెట్టుకొని పెంచినవాడు. 2015 అక్టోబరు 18న జగద్గురువులు ఫ్రాన్సిస్ వారు ఆయనను, ఆయన భార్య జెలీని కలిపి పునీతులుగా ప్రకటించారు. అంతటివాడి నోటి నుండి కూడా, పండుగ రాత్రి, అలసట వల్ల ఒక మాట జారింది. అరిసెల మూకుడు ముందు పొద్దుటి నుండి కూర్చున్న ఇల్లాలి నోటి నుండి, బజారులో నాలుగుసార్లు తిరిగి వచ్చిన భర్త నోటి నుండి మాట జారడంలో వింత ఏముంది?

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ కథను తీసుకొని ఏడుస్తున్న పిల్ల ముందు పెట్టి "చూడు, తెరేజమ్మలాగా ఓర్చుకో" అని చెప్పేవారున్నారు. అది కథను తలకిందులు చేయడమే. ఆ రాత్రి తెరేజమ్మను ఓర్చుకోమని ఎవరూ ఆజ్ఞాపించలేదు. అక్క కూడా కాసేపు ఆగమన్నదే తప్ప, ఏడవవద్దు అని మందలించలేదు. ఓర్పు ఎవరికి వారు తీసుకోవలసిన పదార్థం. ఇంకొకరి విస్తట్లో మనం వడ్డించేది కాదు. మాట అన్నవాడే విన్నవారికి ఓర్పును బోధిస్తే దానికి వేరే పేరుంది.

ఇదే న్యాయం పేదల ఇంటికీ వర్తిస్తుంది. కాస్త కలిగినవారి ఇంట్లో ఒక వాయి అరిసెలు విచ్చిపోతే పోయేది ఒక పూట శ్రమ. కూలి మీద బతికే ఇంట్లో ఆ బెల్లం, ఆ నూనె నెల రోజులుగా దాచిన డబ్బు. ఆ మూకుడు చెడితే మరో మూకుడు లేదు. ఆ తల్లి కేక వేసిందంటే, బిడ్డ వీపు మీద ఒకటి వేసిందంటే, దెబ్బను సమర్థించను గాని ఆ కేక ఎక్కడ నుండి వచ్చిందో అర్థం చేసుకోగలను. ఆమె దగ్గరికి వెళ్ళి "వస్తువుల మీద మమకారం వద్దమ్మా, మనసు ముఖ్యం" అని చెప్పడం చాలా సులువు. అలా చెప్పేవారి ఇంట్లో రెండో నూనె డబ్బా ఉంటుంది. చెప్పడం మానేసి ఆ డబ్బాలోది లీటరు పోసి పట్టుకెళ్ళగలిగితే, అప్పుడు ఏమైనా మాట్లాడవచ్చు. బహుశా అప్పుడు మాట్లాడవలసిన అవసరమూ ఉండదు.

"సింపుల్‌గా చేసుకుందాం" అన్న తీర్మానం దగ్గరికి మళ్ళీ వస్తాను. ఇంటాయన ఆ మాట అంటాడు. అని, కొనే సామాను తగ్గిస్తాడు. మిఠాయి దుకాణం నుండి తెప్పించడం మానేసి "ఇంట్లోనే చేసుకుందాం" అంటాడు. భోజనానికి పిలిచేవారి సంఖ్య మాత్రం తగ్గదు. ఖర్చు తగ్గింది, నిజమే. ఆ తగ్గిన ఖర్చంతా చాకిరీగా మారి ఒకరిద్దరి నడుముల మీద పడింది. అలసిన చేతుల్లోనే పాకం ముదురుతుంది, గిన్నె జారుతుంది. సింపుల్ అన్న మాటకు డబ్బు లెక్క ఒక్కటే చూస్తే సరిపోదు. రాత్రి పదకొండు గంటలకు వంటింట్లో ఇంకా ఎవరు నిలబడి ఉన్నారో కూడా చూడాలి.

మార్తమ్మ, మరియమ్మల సంగతి ఇక్కడ మీకు గుర్తుకు రాకపోదు. లూకా సువార్త పదవ అధ్యాయం. మార్తమ్మను తక్కువ చేసి చెప్పే ప్రసంగాలు నేను చాలా విన్నాను. ఆమె ఫిర్యాదులో న్యాయం లేకపోలేదని ఎవరూ అనరు. ఇంటికి అతిథి వచ్చాడు, ఎవరో ఒకరు వండాలి. ప్రభువు ఆమె వడ్డనను తప్పుపట్టలేదు, అనేక విషయాలను గూర్చి కలవరపడుతున్నావని రెండుసార్లు పేరుపెట్టి పిలిచి మరీ చెప్పాడు. ఆ పిలుపులో కోపం కన్నా చనువే ఎక్కువ. యోహాను సువార్త పదకొండవ అధ్యాయంలో నీవు క్రీస్తువని, దేవుని కుమారుడవని ఒప్పుకున్నది ఈ మార్తమ్మే. ఆ తరువాతి అధ్యాయంలో బెతానియాలో మళ్ళీ విందు జరిగింది, మళ్ళీ ఆమే వడ్డించింది. ఈసారి ఫిర్యాదు ఉన్నట్టు సువార్త చెప్పదు. వంట పని పోలేదు, కలవరం పోయింది. ఆనాడు చెల్లెలో తమ్ముడో వచ్చి ఒక చేయి వేశారేమో, అదీ సువార్త చెప్పదు.

అసలు మొదటి క్రిస్మస్ ఎవరి పథకం ప్రకారం జరిగింది? నజరేతులో వడ్రంగి ఇంట్లో బిడ్డ కోసం ఉయ్యాల చేయించి ఉంచారని సువార్తలో లేదు గాని, నెలలు నిండుతున్న ఇంట్లో ఏ ఏర్పాటూ లేకుండా ఉంటుందని ఏ తల్లీ నమ్మదు. ఔగుస్తు చక్రవర్తి జనాభా లెక్కల ఆజ్ఞ వచ్చింది. నూరు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. బేత్లెహేములో సత్రంలో చోటు లేదు. ఏర్పాట్లన్నీ ఉన్నవి ఉన్నచోటే మిగిలిపోయి, బిడ్డను పొత్తిగుడ్డలలో చుట్టి పశువుల తొట్టిలో పడుకోబెట్టవలసి వచ్చింది. నెలలు నిండిన మనిషిని ఇంత దూరం ఎందుకు తెచ్చావని జోజప్ప గారిని మరియతల్లి అడిగినట్టు ఎక్కడా లేదు. దేవదూత గొల్లవారికి ఆనవాలుగా చెప్పినది కూడా ఆ తొట్టినే. కుదరని ఏర్పాటే వారికి గుర్తు అయింది. సత్రంలో మంచి గది దొరికి ఉంటే ఆ రాత్రి గొర్రెల కాపరులు ఏ ధైర్యంతో లోపలికి వచ్చేవారు?

1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామంలో అస్సీసిపుర ఫ్రాన్సిస్ వారు ఆ బేత్లెహేమును కళ్ళకు కట్టాలని తలచి ఏర్పాటు చేయించినవి ఒక తొట్టి, కాస్త గడ్డి, ఒక ఎద్దు, ఒక గాడిద. బొమ్మలు లేవు. 2019లో జగద్గురువులు ఫ్రాన్సిస్ వారు అదే గ్రామానికి వెళ్ళి, పశువుల పాక గురించి ఒక లేఖపై సంతకం చేసినప్పుడు ఈ సంగతిని గుర్తుచేశారు. కాబట్టి అటక మీద పెట్టెలో తల విరిగిన జ్ఞాని గురించి పిల్లవాడిని నిలదీయవలసిన పని లేదు. ముగ్గురు రాజుల పండుగ జనవరిలో గాని రాదు, అప్పటికి ఫెవికాల్ బాగా ఆరుతుంది. తల దొరకకపోతే ఆయనను ఒంటె వెనుక నిలబెట్టండి.

ఇక అరిసెలు. మొదటి వాయి నూనెలో విచ్చిపోతే మిగిలిన పిండినంతా పట్టుదలగా అదే నూనెలో వేసి చూడకండి. కాస్త పొడి పిండి కలిపి ఒకటి వేసి చూడండి, నిలబడితే సరి. నిలబడకపోతే మూకుడు దించేయండి. పాకంలో కలిపిన పచ్చి పిండికి చలిమిడి అని చక్కని పేరు మనవాళ్ళు ఏనాడో పెట్టి ఉంచారు. శుభకార్యాలలో ఆడపిల్లల ఒడిలో పెట్టేది అదే. వేయించిన కొబ్బరి ముక్కలు, కాసిని గసగసాలు, రెండు చెంచాల నెయ్యి కలిపి ఉండలు చేసి పళ్ళెంలో పెడితే, పూజ నుండి వచ్చిన పిల్లలు అరిసెలేవీ అని అడగరు.